నూనె చుక్క లేని కూర ఎవరి మేలుకి?

మన హాస్టల్ మెస్ కమిటీ ముందు ఇప్పుడొక ప్రతిపాదన ఉంది. వచ్చే నెల నుంచి వారానికి మూడు రాత్రులు నూనె, నెయ్యి ఒక్క చుక్క కూడా లేని భోజనం పెట్టాలట. ఆ మూడు రాత్రులూ ఉడకబెట్టిన ఆకుకూర, ఉడికిన క్యారెట్, గుమ్మడికాయ, తిరగవాత లేని పప్పు, పొడి చపాతీ. దానికి సంతకాల కాగితం గదిగదికీ తిరుగుతోంది. సగంమందికి పైగా సంతకం పెట్టేశారు. నేను పెట్టలేదు, పెట్టను కూడా. ఎందుకు పెట్టనో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలుగు శాఖ గోడపత్రికలో నూనె గొడవేంటి, ఇది సైన్సు వాళ్ళు రాసుకోవాల్సింది కదా అని కొందరు అనొచ్చు. తినేది మనమందరమూ. పైగా ఈ గొడవ సగం సైన్సుది, సగం మాటలది. మాటల సంగతి మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే ముందు మాటతోనే మొదలుపెడతాను.

కొవ్వు అనే తిట్టు

తెలుగులో 'కొవ్వు' అంటే ఒంట్లో ఉండే పదార్థం. అదే మాట తిట్టు కూడా. 'ఒళ్ళు కొవ్వెక్కిందా?' అని ఎవరిని అంటారు? ఎదురు మాట్లాడిన పిల్లని అంటారు. మా ఇల్లు హోసూరు పక్కన. ఇంట్లో నాన్నవైపు తెలుగు, వీధిలోనూ బళ్ళోనూ తమిళం. తమిళంలోనూ ఇదే కథ. 'కొళుప్పు' అంటే కొవ్వు, 'ఉనక్కు రొంబ కొళుప్పు' అంటే నీకు చాలా పొగరు అని. రెండు భాషలూ కూడబలుక్కున్నట్టు కొవ్వుని పొగరు కింద లెక్కేశాయి.

కానీ ఇంకో మాట ఉంది. సంస్కృతం నుంచి మనకొచ్చిన 'స్నేహం' అన్న మాటకి చమురు, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. నిఘంటువు తీసి చూడండి, చెలిమి పక్కనే నూనె కూడా కనిపిస్తుంది. రెండు విడివిడి వస్తువుల్ని కలిపి ఉంచేది, గరుకు లేకుండా చేసేది అని కాబోలు ఆ మాట రెండింటికీ చెల్లింది. పేగుల్లో కొవ్వు చేసే పని తెలుసుకున్నాక, ఆ రెండో మాటే దానికి సరిపోయే పేరు అని నాకు అనిపిస్తోంది.

ముద్ద మింగాక ఏం జరుగుతుంది

మనలో చాలామంది ఆలోచన ఇలా ఉంటుంది: ఆకుకూర తిన్నాం, అందులో విటమిన్లు ఉన్నాయి, కాబట్టి అవి ఒంటికి పట్టేశాయి. ఇక్కడే తిరకాసు. కంచంలో ఉన్నది వేరు, కడుపులోకి పోయింది వేరు, రక్తంలోకి చేరింది వేరు. పేగు గోడ దాటి లోపలికి రానిదేదైనా, మన నోట్లోంచి పోయినా మనది కానట్టే. ఒక చివర లోపలికి పోయి ఇంకో చివర బయటికి పోతుంది, అంతే.

విటమిన్లలో రెండు జాతులు. సి విటమిన్, బి గుంపులోని విటమిన్లు నీళ్ళలో కరుగుతాయి. వాటికి నూనెతో పని లేదు. ఎ, డి, ఇ, కె అనే నాలుగూ నీళ్ళలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. ఆకుకూరల్లో, క్యారెట్‌లో, గుమ్మడిలో, బొప్పాయిలో ఉండే బీటా కెరోటిన్ కూడా అంతే. మన ఒళ్ళు ఆ కెరోటిన్‌ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఆకు పచ్చగా కనిపిస్తుంది కాబట్టి అందులో పసుపుపచ్చ రంగు ఉందని మనకు తెలియదు, అంతేగాని తోటకూరలో, మునగాకులో అది బోలెడంత ఉంటుంది.

ఇప్పుడు చిన్నపేగు సంగతి. పేగుల్లో ఉన్నదంతా నీళ్ళమయం. నూనె నీళ్ళలో కలవదని మనందరికీ తెలుసు. మరి ఎలా అరుగుతుంది? తలంటు గుర్తుతెచ్చుకోండి. నూనె పట్టించిన తల వట్టి నీళ్ళతో వదలదు, కుంకుడు రసమో సీకాయో పడాలి. పేగుల్లో ఆ కుంకుడు రసం పని చేసేది పైత్యరసం. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా దీన్ని తయారుచేస్తుంది. పిత్తాశయం అనే చిన్న సంచిలో అది నిల్వ ఉంటుంది. తిండిలో కొవ్వు చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే పేగు గోడ నుంచి ఒక హార్మోను రక్తంలోకి పోయి, పిత్తాశయాన్ని పిండుతుంది. పైత్యరసం పడి, నూనె పెద్ద చుక్కలు సన్నసన్నగా విడిపోతాయి. అప్పుడు క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము వాటిని కొవ్వు ఆమ్లాలుగా, ఇంకా చిన్న ముక్కలుగా విడగొడుతుంది.

ఈ ముక్కలూ పైత్య లవణాలూ కలిసి కంటికి కనబడనంత చిన్న ఉండలు కడతాయి. వాటి పేరు మైసెల్. ఉండ బయటివైపు నీళ్ళతో కలుస్తుంది, లోపలివైపు కొవ్వుతో కలుస్తుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లూ, కెరోటిన్లూ ఆ లోపల కూర్చుని పేగు గోడ దాకా ప్రయాణం చేస్తాయి. అవి సొంతంగా నడిచి రాలేవు. బండి ఉంటేనే వస్తాయి. కంచంలో కొవ్వు లేదంటే పిత్తాశయం సరిగ్గా పిండుకోదు, మైసెల్ ఉండలు తక్కువ కడతాయి, సరుకు ఉంటుంది గానీ బండి ఉండదు.

పేగు గోడ దాటాక కూడా దారి వేరే. చక్కెరలూ, ప్రోటీను ముక్కలూ నేరుగా రక్తంలోకి పోయి కాలేయం చేరతాయి. కొవ్వు అలా పోదు. పేగు కణాలు దాన్ని మళ్ళీ కట్టి, పైన ప్రోటీను పొర చుట్టి, కైలోమైక్రాన్ అనే మూటలు చేస్తాయి. విటమిన్లు ఆ మూటల్లోనే ఉంటాయి. మూటలు రక్తనాళంలోకి కాక, ఆంత్రచూషకాల్లో ఉండే శోషరస నాళాల్లోకి దిగి, ఎడమ భుజం దగ్గర పెద్ద సిరలో కలుస్తాయి. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పారే అసెల్లీ, అప్పుడే తిండి తిన్న కుక్కని కోసి చూస్తే పేగుల దగ్గర పాలలాంటి తెల్లటి దారాలు కనిపించాయి. ఆయన చూసింది ఈ కొవ్వు దారినే. మనం ఉడికిన తోటకూర పక్కన ఒక చెంచా నూనె పెట్టామా లేదా అన్నది ఆ దారిలో ఏం పోతుందో తేలుస్తుంది.

ఇది నా ఊహ కాదు

'అమ్మమ్మల మాటలు చెప్పకు, రుజువు చూపించు' అని మా గదిలోనే ఒకరన్నారు. న్యాయమైన మాటే. నాలుగు రుజువులు చెప్తాను.

మొదటిది పేరులోనే ఉంది. 1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అనే ఇద్దరు ఎలుకల మీద పరిశోధన చేసి, వెన్నలోనూ గుడ్డు పచ్చసొనలోనూ ఎదుగుదలకి కావలసిన పదార్థమేదో ఉందని కనిపెట్టారు. దానికి తర్వాత వచ్చిన పేరు 'కొవ్వులో కరిగే ఎ'. ఇప్పుడు మనం ఎ విటమిన్ అంటున్నది అదే. అంటే ఈ విటమిన్ లోకానికి పరిచయమైందే కొవ్వులో.

రెండోది మన దేశంలో జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1980లో ఒక ఫలితం ప్రకటించారు. చిన్నపిల్లలకి ఉడికించిన ఆకుకూర ఒట్టిదే పెట్టినప్పటికంటే, దానితో కొంచెం నూనె కలిపి పెట్టినప్పుడు వాళ్ళ రక్తంలో ఎ విటమిన్ బాగా పెరిగింది. ఆకు అదే, పిల్లలకి వచ్చిన లాభం మాత్రం వేరు. ఆ సంస్థ గురించి తమిళనాడులో ఉన్న మనం తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. అది పుట్టింది హైదరాబాద్‌లో కాదు, మన నీలగిరుల్లో. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ దాన్ని మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్‌కు మారింది. ఇక్కడ పుట్టి తెలుగునాట పెరిగిన సంస్థ అన్నమాట, మనకి సరిగ్గా తిరుగుదారి.

మూడోది పచ్చికూరల సలాడ్ తినేవాళ్ళ కోసం. 2004లో అమెరికాలోని అయోవాలో కొంతమందికి ఆకులు, క్యారెట్, టమాటాలతో ఒకేలాంటి సలాడ్ పెట్టారు. ఒకసారి కొవ్వు అసలే లేని డ్రెస్సింగుతో, ఒకసారి తక్కువ కొవ్వుతో, ఒకసారి మామూలు కొవ్వుతో. కొవ్వు లేనప్పుడు రక్తంలోకి చేరిన కెరోటిన్లు దాదాపు ఏమీ లేవు. మన క్యాంటీనులో నిమ్మకాయ పిండిన ఒట్టి కీరా, క్యారెట్ ముక్కలు మధ్యాహ్న భోజనం అని తినేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. కీరా మంచిదే, నిమ్మకాయ మంచిదే, దానిమీద నాలుగు వేయించిన చెనక్కాయ గింజలు చల్లుకుంటే ఏం పోయింది?

నాలుగోది తమాషా అయినది. 1996లో అమెరికా ప్రభుత్వం ఓలెస్ట్రా అనే కృత్రిమ కొవ్వుని చిప్స్‌లో వాడడానికి ఒప్పుకుంది. అది నూనెలాగే ఉంటుంది, కానీ అరగదు, లోపలికి పోదు. ఎంత తిన్నా లావెక్కరు అని అందరూ సంబరపడ్డారు. అయితే ఒక షరతు పెట్టారు: ఆ చిప్స్‌లో ఎ, డి, ఇ, కె విటమిన్లు విడిగా కలపాలి. ఎందుకంటే ఆ నూనె పోతూ పోతూ కడుపులో ఉన్న ఈ విటమిన్లని తనతో పట్టుకుపోతుంది. బరువు తగ్గడానికి కొవ్వు అరగకుండా ఆపే మాత్ర ఒకటుంది, ఆర్లిస్టాట్. అది వాడేవాళ్ళకి కూడా విటమిన్ మాత్ర వేరే వేళ వేసుకోమని చెప్తారు. కొవ్వు అరగడం ఆగితే ఇంకేవేవి ఆగిపోతాయో మందుల కంపెనీలకే తెలుసు, మన మెస్ కాగితానికి తెలియదు.

ఇంకా కావాలంటే జబ్బు చేసినవాళ్ళని చూడొచ్చు. పైత్యనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్ళకి పైత్యరసం పేగుల్లోకి పడదు. కె విటమిన్ లోపలికి పోదు, గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టదు. అందుకే ఆపరేషన్‌కి ముందు వాళ్ళకి కె విటమిన్ సూదిమందుగా ఇస్తారు. మనలో చాలామందికి చిన్నప్పుడు అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో ఆరు నెలలకోసారి చెంచాతో ఎ విటమిన్ మందు పోసి ఉంటారు. 1970లో మొదలైన పథకం అది. రేచీకటితో, తమిళంలో చెప్పాలంటే మాలైక్కణ్‌తో, చిన్నపిల్లలు చూపు పోగొట్టుకోకూడదని పెట్టారు. దేశం అంత శ్రద్ధగా పోసిన విటమిన్‌ని ఇప్పుడు మనమే వద్దనుకుంటున్నాం.

ఎదురు ప్రశ్నలు

నేను ఒకవైపే చెప్తున్నానని ఎవరూ అనకూడదు. అందుకే నాకు ఎదురైన ప్రశ్నలు కూడా రాస్తున్నాను.

'వారంలో మూడు రాత్రులు నూనె తినకపోతే కళ్ళు పోతాయా?' పోవు. ఎ విటమిన్ కాలేయంలో నిల్వ ఉంటుంది, మూడు రాత్రులకి ఎవరికీ ఏమీ కాదు. కానీ మెనూ ఒక్కసారి చూడండి. మనకి ఆకుకూర, క్యారెట్, గుమ్మడి వచ్చేది సరిగ్గా ఆ మూడు రాత్రులే. మిగతా రోజులు సాంబారు, బంగాళాదుంప, బీట్‌రూట్. అంటే ఏ కంచానికి నూనె అన్నిటికంటే ఎక్కువ అవసరమో ఆ కంచంలోంచే తీసేస్తున్నాం. కూర తిన్నామన్న తృప్తి మిగులుతుంది, కూరలో ఉన్నది మిగలదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అలా ఉంది ఈ పథకం.

'పప్పులో, బియ్యంలో, గోధుమలో కొవ్వు ఉండదా?' ఉంటుంది, కానీ చాలా కొంచెం. ఆ రాత్రి పాలో, కొబ్బరి పచ్చడో, చెనక్కాయ చట్నీయో, గుడ్డో ఉంటే నాకు అభ్యంతరం లేదు. కొవ్వు నూనె సీసాలోంచే రావాలని నియమమేమీ లేదు. ప్రతిపాదనలో ఇవేవీ లేవు కాబట్టే ఈ గోల.

'నెయ్యి తింటే రక్తహీనత పోతుందా?' పోదు, పోతుందని నేను చెప్పను. ఇనుముకి నూనెతో పని లేదు. ఆకుకూరలో, రాగుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి, నిమ్మకాయో ఉసిరికాయో జామకాయో. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుముకి అడ్డుపడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మన బెంచీలో ఇద్దరు కూర్చుంటే ఒకరికన్నా ఎక్కువే. అలాంటి చోట, తిన్నదాంట్లో ఒంటికి పట్టేది ఎంత అన్న ప్రశ్న అన్ని పోషకాలకీ వేయాలి. ఇనుముకి నిమ్మకాయ, కెరోటిన్‌కి నూనె. రెండూ మెస్‌లో ఉండాలి.

'నూనె తింటే లావెక్కమా?' ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు, పిండిపదార్థంలో, ప్రోటీనులో 4. కాబట్టి ఎక్కువైతే లావెక్కుతాం, అందులో సందేహం లేదు. అసలు సంగతి ఎంత అన్నది. కెరోటిన్ లోపలికి పోవడానికి ఒక పూట భోజనంలో 3 నుంచి 5 గ్రాముల కొవ్వు చాలని పోషకాహార నిపుణులు చెప్తారు. అంటే ఒక్క చిన్న చెంచా, 45 కేలరీలు. రెండు క్రీము బిస్కెట్లకి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. పైగా కొవ్వు తగిలితే కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, తిన్నామన్న తృప్తి నిలుస్తుంది. ఏడున్నరకి నూనె లేని భోజనం చేసి, పదింటికి ఆకలేసి, పెట్టెలోంచి మిక్చరు, మురుకులు తీసి తినే పద్ధతి మన కారిడారులో అందరికీ తెలిసిందే. దాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

'మరి కొవ్వు పూర్తిగా మానేసి గబగబా బరువు తగ్గితే?' అప్పుడు పిత్తాశయానికి పిండుకునే పనే ఉండదు. పైత్యరసం అక్కడే నిలవుండి చిక్కబడుతుంది, రాళ్ళు కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇది డాక్టర్లు చెప్పే మాటే. పిత్తాశయం, క్లోమం జబ్బులున్నవాళ్ళకి కొవ్వు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే వాళ్ళు ఆ మాటే వినాలి. వాళ్ళకి వేరే కూర తీసి ఉంచడం మెస్ బాధ్యత. ఒకరిద్దరి వైద్యం మిగతా అందరికీ నియమం కాకూడదు, అంతే నేననేది.

అసలు తీయాల్సిన నూనె ఏది

నూనె మీద నాకు గుడ్డి ప్రేమ లేదు. మన మెస్‌లో నూనె ఎక్కువైన మాట నిజం. కానీ అది ఆకుకూర తిరగవాతలో లేదు. సాయంత్రం బజ్జీల బాండలిలో ఉంది, ఆదివారం పూరీల్లో ఉంది. రెండు బజ్జీలు పీల్చుకునే నూనె, తోటకూరలో ఒకరి వంతుకొచ్చే నూనెకంటే ఎక్కువే. అదీగాక మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో చెడు పదార్థాలు పుడతాయి. అందుకే ఆహార భద్రత సంస్థ 2018 నుంచి దానికి ఒక హద్దు పెట్టింది, ఆ హద్దు దాటిన నూనెని పారేయాలి. వనస్పతిలాంటి వాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్‌ని 2022 నుంచి 2 శాతానికి మించనివ్వకూడదని కూడా నియమం ఉంది. మన సంతకాల కాగితంలో బాండలి మాట లేదు, పూరీ మాట లేదు. అవి అందరికీ ఇష్టం కదా! ఇష్టం లేని ఆకుకూర మీద మాత్రం కత్తి పడింది.

మన పెద్దవాళ్ళ వంటని ఒకసారి చూడండి. మా హోసూరు వైపు ఆకుని పప్పుతో ఉడికించి, పప్పుగుత్తితో బాగా ఎనిపి, పైన తిరగవాత వేస్తారు. కొందరు తాళింపు అంటారు, కొందరు పోపు అంటారు, తమిళంలో తాళిప్పు. పేరేదైనా పని ఒకటే. ఉడికించి ఎనిపితే ఆకు కణాల గోడలు చితికి కెరోటిన్ బయటికొస్తుంది. పైన పడిన చెంచా నూనె దాన్ని మోసుకుపోతుంది. పసుపులో ఉన్న రంగు పదార్థం కూడా నూనెలోనే కరుగుతుంది. తమిళుల విస్తట్లో మొదట పడేది పప్పు, దానిమీద నెయ్యి. మనదీ అదే. ఇడ్లీకి పొడి వేసుకుంటే నడుమ గుంట చేసి నల్లెణ్ణె పోస్తారు. వాళ్ళకి మైసెల్ పేరు తెలియదు, ఎవరూ ప్రయోగశాలలో చూసి ఈ వంట కట్టలేదు, రుచి కోసమే కట్టి ఉంటారు. పాతదంతా గొప్పదని నేననను. ఈ ఒక్క విషయంలో నాలుకకి నచ్చింది పేగుకీ నచ్చింది, అది వదులుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

కంచం ఎవరిది?

చివరిగా, ఇది రాయడానికి నన్ను నెట్టిన అసలు కారణం. ఈ కాగితం మగపిల్లల హాస్టల్‌లో తిరగదు. చాలా ఇళ్ళలో నెయ్యి గిన్నె ముందు ఎవరి కంచం దగ్గరికి పోతుందో మీకందరికీ తెలుసు. అల్లుడికి పోస్తారు, కొడుక్కి పోస్తారు. ఆడపిల్లకి వచ్చేసరికి 'చాల్లే, లావెక్కుతావు' అంటారు. సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు పిల్ల ఏం చదువుతోందో అడగకముందే కొంచెం తగ్గితే బాగుంటుందని చెప్పి పోతారు. మా బంధువుల్లో ఒకక్క పెళ్ళి కుదిరిన తర్వాత మూడు నెలలు ఉడికిన కూరలూ మజ్జిగా తప్ప ఏమీ ముట్టలేదు. పెళ్ళి ఫోటోల్లో సన్నగానే ఉంది. జుట్టు ఊడిపోయి సవరం పెట్టాల్సి వచ్చిందని, మంటపంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని ఫోటోలో కనబడదు. ఒట్టి నూనె మానినందుకే అలా అయిందని నేననను, తిండే చాలలేదు. కానీ అది మొదలైంది 'నూనె చుక్క వద్దు' అన్న మాటతోనే.

ఇంట్లో ఇంకొకరు మన కంచం లోంచి తీసేస్తే మనకి కోపం వస్తుంది. ఇక్కడ మన సంతకాలతో మనమే తీసేసుకుంటున్నాం, ఆరోగ్యం అని పేరు పెట్టుకుని. ఆ పేరు పెట్టే ముందు దాని లోపల ఏముందో చూడాలి కదా. 'కొవ్వెక్కిందా' అన్న తిట్టు విని విని, కొవ్వు అనే మాటకే మనం భయపడుతున్నామేమో అని నా అనుమానం.

నేను అడిగేది

ఒట్టిగా వద్దనడం నాకిష్టం లేదు. మెస్ కమిటీకి నా వైపు నుంచి నాలుగు మాటలు.

ఒకటి, ఆకుకూర, క్యారెట్, గుమ్మడి వండే రాత్రులు తలకొక చిన్న చెంచా నూనెతో తిరగవాత ఉండాలి. మనం సుమారు 200 మందిమి. తలకి 5 మిల్లీలీటర్లు అంటే మొత్తానికి ఒక్క లీటరు. ఇది పెద్ద ఖర్చు కాదు.

రెండు, ఆ మిగిలించాలనుకున్న నూనెని బజ్జీల దగ్గర మిగిలించండి. వారానికి నాలుగు సాయంత్రాలున్న వేపుడు తిండిని ఒక్కరోజుకి తగ్గించి, మిగతా రోజులు ఉడికిన శెనగలు, చెనక్కాయలు, పండు పెట్టండి. ఒకసారి కాచిన నూనెని మర్నాడు బాండలిలో పోయకండి.

మూడు, రోజు మొత్తం మీద లెక్క చూడండి. మన పోషకాహార సంస్థ ఆడవాళ్ళకి పనిని బట్టి రోజుకు 20 నుంచి 30 గ్రాముల దాకా నూనె, నెయ్యి చాలంటుంది. ఆ లెక్కని మూడు పూటలకీ పంచితే ఏ పూటా ఎండిపోదు, ఏ పూటా మునిగిపోదు. ఒకరోజు పూరీల్లో ముంచి ఇంకోరోజు ఎండబెట్టడం లెక్క కాదు.

నాలుగు, ప్రతి బల్ల మీదా నిమ్మచెక్కలు పెట్టండి, టీని భోజనానికి గంట దూరం జరపండి.

డి విటమిన్ మాత్రలు వాడుతున్న అక్కలకి, చెల్లెళ్ళకి ఒక చిన్న మాట కూడా చెప్పి ముగిస్తాను. ఆ మాత్రనో పొడినో ఖాళీ కడుపుతో ఒట్టి నీళ్ళతో వేసుకోకండి. కొంచెం కొవ్వున్న భోజనం తిన్నాకనో, పాలతోనో వేసుకోండి. అదీ కొవ్వులో కరిగే జాతిదే.

సంతకం చేసినవాళ్ళు దాన్ని కొట్టేయాలని నేను అడగడం లేదు. కాగితంలో 'నూనె లేకుండా' అన్న చోట 'ఒక చెంచా నూనెతో' అని మార్చమనండి, అప్పుడు నేనూ సంతకం పెడతాను. నా మాటలో తప్పుందని తోచినవాళ్ళు పక్కన తెల్లకాగితం అంటించాను, పెన్ను కూడా దారంతో కట్టాను, దానిమీద రాయండి. హోమ్ సైన్స్ శాఖ మేడమ్ గారు ఎవరైనా ఈ దారిన వస్తే, దయచేసి మీరే మొదట రాయండి.

— ద్వితీయ సంవత్సరం, బి.ఎ.